ఆల్చిప్పకు ఆల్చిప్పే నేల

అమెరికా రాజధాని వాషింగ్టన్ చుట్టుపక్కల, వర్జీనియా, మేరీల్యాండ్ రాష్ట్రాల్లో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్ల పెరళ్లలో కురిసిన వాన నీరు వాగుల మీదుగా పొటోమాక్ నదిలో కలిసి, అక్కడి నుంచి చెసపీక్ అఖాతానికి చేరుతుంది. ఆ అఖాతం పొడవు సుమారు 320 కిలోమీటర్లు. సగటు లోతు మాత్రం ఆరున్నర మీటర్లు కూడా ఉండదు. దానిలోకి నీరు దిగే నేల విస్తీర్ణం దాదాపు 1,66,000 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు ఆంధ్రప్రదేశ్ అంత. ఆ నేల మీద ఆరు రాష్ట్రాల జనం, 1.8 కోట్ల మంది బతుకుతున్నారు. వాళ్ల పొలాల ఎరువు, కోళ్ల ఫారాల పెంట, పచ్చిక బయళ్లకు చల్లిన నత్రజని, రోడ్ల మీది మట్టి అన్నీ వచ్చి ఈ లోతు లేని నీళ్లలోనే పడాలి. చెసపీక్ కష్టంలో సగం ఇది. మిగతా సగం ఆ నీళ్ల అడుగున ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేనివాటిది. అవే ఆల్చిప్పల దిబ్బలు.

ఆల్చిప్ప అనగానే మనకు స్వాతి చినుకూ ముత్యమూ గుర్తొస్తాయి. ఇది ఆ రకం కాదు. క్రాసోస్ట్రియా వర్జినికా అనే ఈ జాతి మేలిముత్యాలు ఇవ్వదు, తినడానికి పనికొస్తుంది. గుల్ల గరుకుగా, బూడిదరంగులో, ఒక తీరూ తెన్నూ లేకుండా ఉంటుంది. మన తీరంలో ఉప్పుటేర్ల దగ్గర రాళ్లకూ వంతెన స్తంభాలకూ అంటుకుని కనిపించే ఆల్చిప్పలు దీనికి దగ్గర చుట్టాలు.

దీని పుట్టుక తెలిస్తే తప్ప దిబ్బలు ఎందుకు పోయాయో, వాటిని తిరిగి నిలబెట్టడం ఎందుకంత కష్టమో అర్థం కాదు. వేసవిలో నీరు వెచ్చబడగానే ఆడవి గుడ్లనూ మగవి వీర్యాన్నీ నీళ్లలోకి వదిలేస్తాయి. ఒక్కొక్క ఆడది వదిలే గుడ్లు లక్షల్లో ఉంటాయి, బాగా ఎదిగినదైతే కోట్లలో కూడా. చాలా ఆల్చిప్పలు మొదట మగవిగా ఎదిగి, పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. అంటే పెద్దవాటినే ఏరి పట్టుకుంటూ పోతే మనం తీసేస్తున్నది తల్లులను.

గుడ్డు నుంచి వచ్చిన లార్వా రెండు మూడు వారాలు నీళ్లలో ఈదుతుంది. ఆ గడువు ముగిసేసరికి దాని పరిమాణం మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. అప్పుడు దానికి ఒక నల్లటి కంటిచుక్క, ఒక బుల్లి పాదం వస్తాయి. అడుగుకు దిగి ఆ పాదంతో తడుముకుంటూ పాకుతుంది. చోటు నచ్చకపోతే మళ్లీ లేచి ఈదుతుంది. దానికి కావలసింది గట్టిగా, శుభ్రంగా, ఒండ్రు పేరుకోకుండా ఉన్న చోటు. రాయి అయినా సరే, ఇటుక అయినా సరే. అన్నిటికన్నా ఎక్కువగా కోరుకునేది మాత్రం మరో ఆల్చిప్ప గుల్ల. అది దొరికితే జిగురు లాంటి పదార్థాన్ని స్రవించి, ఎడమ గుల్లను దానికి అతికించుకుంటుంది. ఆ తర్వాత పాదంతోనూ కంటితోనూ పని లేదు, రెండూ కరిగిపోతాయి. బతికినన్నాళ్లూ అది ఇక అక్కడి నుంచి కదలదు. చోటు దొరకని లార్వా బురదలో పడి చనిపోతుంది.

తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తినే ఆల్చిప్పల పెంపకం మొదలుపెట్టినప్పుడు పిల్లలను పట్టడానికి సున్నం పూసిన పెంకులు వాడారు. ఆల్చిప్ప గుల్ల కూడా సున్నపు పదార్థమే. లార్వా కోరుకునేదేమిటో తెలిసి చేసిన పని అది.

ఇలా తాతల గుల్లల మీద తండ్రులు, వాళ్ల మీద పిల్లలు అతుక్కుంటూ వందల ఏళ్లలో దిబ్బ పెరుగుతుంది. పై పొరలో బతికున్నవి, కింద చచ్చినవాటి గుల్లలు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో చెసపీక్‌కు వచ్చిన ఐరోపావాళ్లు రాసిపెట్టిన దాన్నిబట్టి, కొన్నిచోట్ల దిబ్బలు ఓడలు చూసుకుని తప్పుకుని నడవాల్సినంత ఎత్తున ఉండేవి. ఆ గుల్లల సందుల్లో చిన్న పీతలు, పురుగులు, నత్తలు, బొమ్మిడాయంత చేపలు తలదాచుకునేవి. వాటిని తినడానికి పెద్ద చేపలు వచ్చేవి. బురద మైదానం లాంటి అఖాతం అడుగున ఎత్తూ పల్లమూ నీడా ఉన్న చోటంటూ ఉంటే అది ఆల్చిప్పలు కట్టినదే.

పందొమ్మిదో శతాబ్దిలో ఆ దిబ్బల మీదికి ఇనుప పళ్ల చట్రాలు వచ్చాయి. అంతకుముందు జాలర్లు పొడవాటి కర్రల పట్టుకార్లతో, పడవలో నిలబడి, చేతనైనన్ని పైకి తీసేవాళ్లు. చట్రం అలా కాదు. తెరచాప పడవ వెనక ఈడ్చుకుంటూ పోతే దిబ్బ నెత్తిని గీకి వెనక సంచిలోకి నింపుతుంది. న్యూ ఇంగ్లాండ్ వాళ్లు తమ తీరంలో దిబ్బలు అయిపోగానే ఈ చట్రాలతో దక్షిణానికి వచ్చారు. వర్జీనియా 1811లో, మేరీల్యాండ్ 1820లో వాటిని నిషేధించాయి. అంతర్యుద్ధం ముగిసిన 1865లో మేరీల్యాండ్ మళ్లీ అనుమతించింది. రైలుమార్గాలూ బాల్టిమోర్ డబ్బా కర్మాగారాలూ తోడై ఆల్చిప్పలు దేశం నలుమూలలకూ వెళ్లాయి. హద్దులు దాటి దోచుకునేవాళ్లను అదుపు చేయడానికి మేరీల్యాండ్ ప్రభుత్వం 1868లో ప్రత్యేకంగా ఒక నౌకాదళాన్నే పెట్టుకోవలసి వచ్చింది. తుపాకులు పేలాయి, ప్రాణాలు పోయాయి. 1880లలో పట్టుబడి శిఖరానికి చేరినప్పుడు మేరీల్యాండ్ ఒక్కటే ఏడాదికి 1.5 కోట్ల బుషెళ్లు తీసింది. ఒక బుషెల్‌కు సుమారు 300 ఆల్చిప్పలు పడతాయి.

ఇక్కడొక సంగతి దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ కథ చెప్పేవాళ్లలో చాలామంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు. చేపను పడితే చేప పోతుంది, చెరువు ఉంటుంది. ఆల్చిప్పను పడితే దానితోపాటు తర్వాతి తరం అతుక్కోవలసిన నేల కూడా ఒడ్డెక్కుతుంది. చెసపీక్ ఒడ్డున ఆ గుల్లలు ఏమయ్యాయి? రోడ్లకు పరిచారు. కాల్చి సున్నం చేశారు. పొడి కొట్టి కోళ్లకు మేపారు. రైలు కట్టల కింద పోశారు. మేరీల్యాండ్‌లోని క్రిస్‌ఫీల్డ్ పట్టణంలో వ్యాపార వీధుల కింద ఉన్న నేల చాలామటుకు ఆల్చిప్పల గుల్లలే. గుల్ల సున్నంతో గోడలు గిలాబా చేసిన నేల మీద పుట్టినవాళ్లకు ఇది వింతేమీ కాదు. నీళ్లలో మిగిలిన కాసిన్ని గుల్లలనూ తొలిచే స్పాంజీలు తినేస్తాయి, ఒండ్రు కప్పేస్తుంది. కొత్త గుల్ల చేరకపోతే దిబ్బ ఏటికేడు కుంగిపోయి, చివరికి అడుగు బురదతో సమానమైపోతుంది.

ఈ ప్రమాదాన్ని అప్పుడే పసిగట్టిన వ్యక్తి ఒకరున్నారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధించిన విలియం కీత్ బ్రూక్స్. అమెరికా ఆల్చిప్ప గుడ్లు తల్లి ఒంట్లో కాకుండా బయటి నీళ్లలోనే ఫలదీకరణ చెందుతాయని ప్రయోగం చేసి తేల్చింది ఆయనే. 1882లో మేరీల్యాండ్ నియమించిన ఆల్చిప్పల కమిషన్‌కు నాయకత్వం వహించి, 1891లో సామాన్యుల కోసం ఒక పుస్తకం కూడా రాశారు. పట్టుకోవడమే తప్ప సాగు చేయకపోతే, గుల్లలు నీళ్లకు చేరకపోతే మిగిలేది శూన్యమని ఆయన వాదన. ఆయన మాట ఎవరూ వినలేదు.

ఇరవయ్యో శతాబ్దిలో రోగాలు వచ్చాయి. 1949లో డెర్మో, పదేళ్ల తర్వాత ఎమ్మెస్సెక్స్. రెండూ మనుషులకు హాని చేయని సూక్ష్మజీవులే కానీ, ఆల్చిప్ప మూడేళ్లు నిండి చేతికందే వయసుకు రాకముందే చంపేస్తాయి. రెండోది ఆసియా నుంచి తెచ్చిన పసిఫిక్ ఆల్చిప్పలతో వచ్చిందని 2000లో జన్యు పరీక్షలు చూపించాయి. ఇప్పుడు చెసపీక్‌లో మిగిలినవి పూర్వపు నిల్వలో ఒకటి రెండు శాతమేనని అంచనాలు చెబుతున్నాయి. లోకమంతటా కలిపి చూసినా కథ ఇదే. ప్రపంచంలోని ఆల్చిప్పల దిబ్బల్లో 85 శాతం పోయాయని 2011లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది.

స్థానిక జాతి ఇలా నీరసించినప్పుడు పరాయి జాతిని తెద్దామన్న ఆలోచన గట్టిగానే నడిచింది. చైనా తీరంలో దొరికే క్రాసోస్ట్రియా అరియాకెన్సిస్ త్వరగా పెరుగుతుంది, ఈ రెండు రోగాలనూ తట్టుకుంటుంది. ఉపాధి పోయిన జాలర్లకు అది ఆశగా కనిపించడంలో తప్పేమీ లేదు. అయితే దాని గుల్ల పలుచన, పీతలు సులువుగా పగలగొడతాయని పరీక్షల్లో బయటపడింది. ఒకసారి నీళ్లలో వదిలాక వెనక్కి తీసుకోలేమన్న భయం సరేసరి. ఏళ్ల తరబడి పరిశీలించి 2009లో ఆ ఆలోచనను వదులుకున్నారు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. రోగాన్ని తెచ్చిపెట్టింది కూడా పరాయి ఆల్చిప్పే కదా. పైగా ఉప్పు ఎక్కువగా ఉన్న నీళ్లలో బతికి బట్టకట్టిన స్థానిక ఆల్చిప్పలు తరతరానికీ ఎమ్మెస్సెక్స్‌ను తట్టుకునే శక్తి పెంచుకుంటున్న ఆధారాలు కనిపించాయి.

పునరుద్ధరణ ఎలా చేస్తారో చూడాలంటే మేరీల్యాండ్‌లోని కేంబ్రిడ్జ్ పట్టణం దగ్గర హార్న్ పాయింట్ ప్రయోగశాలకు వెళ్లాలి. రొయ్యల హేచరీలు చూసిన కోస్తావాళ్లకు అక్కడి పని వెంటనే అర్థమవుతుంది. తల్లి ఆల్చిప్పలను తెచ్చి మేపుతారు. నీటి వేడి కాస్త పెంచితే అవి వేసవి వచ్చిందనుకుని గుడ్లు వదులుతాయి. లార్వాలకు తొట్లలో పెంచిన సూక్ష్మ నాచు ఆహారం. కంటిచుక్క కనిపించిన లార్వాలను సన్నటి జల్లెడతో వేరు చేస్తారు. లక్షల లార్వాలు కలిపినా పిడికిట్లో ఇమిడిపోతాయి.

ఈ పని జరుగుతుండగా బయట గుల్లల గుట్ట సిద్ధంగా ఉంటుంది. వాషింగ్టన్, బాల్టిమోర్ రెస్టారెంట్లలో జనం తిని వదిలేసిన గుల్లలు కూడా అందులో ఉంటాయి. ఆయిస్టర్ రికవరీ పార్టనర్‌షిప్ అనే సంస్థ 2010 నుంచి వాటిని సేకరిస్తోంది. మాంసపు తునకలు కుళ్లి రాలిపోయి, రోగక్రిములు చచ్చేదాకా వాటిని నెలల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ వదిలేస్తారు. తర్వాత కడిగి, ఇనుప బుట్టల్లో నింపి పెద్ద తొట్లలో దించుతారు. ఆ నీళ్లలో లార్వాలను పోస్తే రెండు మూడు రోజుల్లో అవి గుల్లలకు అతుక్కుంటాయి. ఒక్క పాత గుల్లను చేతిలోకి తీసుకుని వంచి చూస్తే, మిరియపు పొడి అంత గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. ప్రతి చుక్కా ఒక ఆల్చిప్ప. ఆ గుల్లలను పడవకెక్కించి, ఎంచుకున్న చోట నీటి గొట్టాల ధాటికి అడుగుకు నెట్టేస్తారు.

ఎక్కడ పడితే అక్కడ నెడితే లాభం లేదు. ఎత్తు కావాలి. దీన్ని స్పష్టంగా రుజువు చేసింది వర్జీనియాలోని గ్రేట్ వికోమికో నది. అక్కడ 2004లో సైన్యపు ఇంజనీర్లు గుల్లలతో దిబ్బలు వేశారు. కొన్ని 25 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తు, కొన్ని 8 నుంచి 12 సెంటీమీటర్లే. మూడేళ్ల తర్వాత లెక్కపెడితే పొట్టి దిబ్బల మీద కన్నా ఎత్తు దిబ్బల మీద ఆల్చిప్పలు నాలుగు రెట్లు దట్టంగా ఉన్నాయి. మొత్తం మీద 35 హెక్టార్లలో 18 కోట్లకు పైగా బతికున్నాయి. 2009లో ఈ ఫలితం సైన్స్ పత్రికలో వచ్చింది. ఎత్తు దిబ్బ మీద ప్రవాహం జోరుగా ఉంటుంది. ఒండ్రు నిలవదు, తిండి ఎక్కువగా అందుతుంది, ఆల్చిప్ప త్వరగా పెరిగి గుల్ల ఎక్కువ చేస్తుంది. ఒండ్రు పేరుకునే వేగం కన్నా గుల్ల పెరిగే వేగం ఎక్కువైతే దిబ్బ నిలబడుతుంది, తక్కువైతే పూడిపోతుంది. గతంలో దశాబ్దాల పాటు పలుచగా గుల్లలు చల్లి, అవి పూడిపోగానే ఇక్కడ ఆల్చిప్పలు బతకవని తీర్మానించినవాళ్లు ఈ ఎత్తు సంగతి పట్టించుకోలేదు.

అఖాతం ఒక్కటే అయినా పద్ధతి ఒక్కటి కాదు. సముద్రానికి దగ్గరగా ఉన్న వర్జీనియా నీళ్లలో ఉప్పు ఎక్కువ. అక్కడ లార్వాలకు కొదవ లేదు. శుభ్రమైన గుల్లో రాయో పరిస్తే చాలు, అవే వచ్చి అతుక్కుంటాయి. రోగాల బెడద కూడా అక్కడే ఎక్కువ. నదుల మంచినీరు ఎక్కువగా కలిసే మేరీల్యాండ్ వైపు రోగాలు నెమ్మదిస్తాయి, కానీ లార్వాలు సరిగా పుట్టవు. అందుకే అక్కడ హేచరీ పిల్లలు లేకుండా పని జరగదు.

2014లో రాష్ట్రాలూ కేంద్రమూ కుదుర్చుకున్న చెసపీక్ ఒప్పందంలో 2025కల్లా పది ఉపనదుల్లో దిబ్బలు నిలబెట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు. మేరీల్యాండ్‌లోని హారిస్ క్రీక్‌లో దాదాపు 350 ఎకరాల్లో 200 కోట్లకు పైగా పిల్లలను దించి, 2015 నాటికి నిర్మాణం ముగించారు. వర్జీనియాలో లఫాయెట్ నది 2018లో మొదటగా పూర్తయింది. పాతకాలంలో ఇన్ని గుల్లలు దింపాం, ఇంత ఖర్చు పెట్టాం అని చెప్పి ముగించేవాళ్లు. ఇప్పుడు మూడో ఏట ఒకసారి, ఆరో ఏట మరోసారి వెళ్లి కొలుస్తారు. చదరపు మీటరుకు కనీసం 15 ఆల్చిప్పలు ఉండాలి, 50 ఉంటే లక్ష్యం చేరినట్టు. వేర్వేరు ఏళ్లలో పుట్టినవి కలిసి ఉండాలి. గుల్లల రాశి తగ్గకుండా ఉండాలి. ఈ చివరి షరతు పెట్టినవాళ్లకు అసలు విషయం అర్థమైందని నాకు అనిపిస్తుంది. హారిస్ క్రీక్‌లో ఆరేళ్ల తనిఖీకి వచ్చిన దిబ్బల్లో అత్యధిక భాగం కనీస ప్రమాణాన్ని దాటాయి.

అయితే ఇంత పనికి గుల్లలు చాలవు. ఫ్లోరిడా నుంచి భూమిలో పాతుకుపోయిన పురాతన గుల్లలను తవ్వి తెచ్చారు. రాళ్లు పోశారు. ఇక్కడ జాలర్లతో తగవు వచ్చింది. చెసపీక్‌లో పీతలు పట్టేవాళ్లు ఎర కట్టిన పొడవాటి తాళ్లను అడుగున పరుస్తారు. రాళ్ల గుట్టలకు ఆ తాళ్లు చిక్కుకుంటున్నాయనీ, పడవల అడుగు తగులుతోందనీ వాళ్లు గోల పెట్టారు. నాకు అది అర్థంలేని గోలగా అనిపించలేదు. నీటి కింద ఏముందో తాతల కాలం నుంచి తెలిసినవాళ్లను అడగకుండా అడుగును మారిస్తే అలాగే ఉంటుంది.

ఆల్చిప్పల గురించి ఎక్కడ చదివినా ఒక అంకె కనిపిస్తుంది. ఎదిగిన ఆల్చిప్ప రోజుకు 190 లీటర్ల నీటిని వడకడుతుందని. అది వెచ్చటి నీళ్లలో, అన్నీ కలిసొచ్చిన రోజున చేరే గరిష్ఠం. చలికాలంలో ఆ పని దాదాపు ఆగిపోతుంది. మొప్పలతో నీటిని లాగి, చేటలో బియ్యం చెరిగినట్టు నాచునూ మట్టినీ వేరు చేసి, అక్కరలేనిదాన్ని జిగట ముద్దగా అడుగున వదిలేస్తుంది. ఆ ముద్దల్లోని నత్రజనిలో కొంత భాగాన్ని బ్యాక్టీరియా వాయువుగా మార్చి గాలిలోకి పంపుతుంది. 1870కి ముందున్న ఆల్చిప్పలు అఖాతం నీటినంతా మూడు నుంచి ఆరు రోజుల్లో వడకట్టగలిగేవనీ, తన కాలానికి మిగిలినవాటికి దాదాపు ఏడాది పడుతుందనీ 1988లో రోజర్ న్యూవెల్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టారు. హారిస్ క్రీక్‌లో పునరుద్ధరించిన దిబ్బలు వేసవిలో పది రోజుల్లోపే ఆ వాగు నీటినంతా వడకట్టగలవని వర్జీనియా సముద్ర విజ్ఞాన సంస్థ నమూనా లెక్కలు చెబుతున్నాయి.

ఈ లెక్కలు ఉత్సాహం ఇస్తాయి, ఒక చిక్కు కూడా తెస్తాయి. ఆల్చిప్పలు ఉన్నాయిగా, ఎరువు కాస్త ఎక్కువైనా అవే చూసుకుంటాయిలే అన్న ధీమా పుట్టవచ్చు. నత్రజని ఎక్కువైతే నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్లినప్పుడు అడుగు నీళ్లలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అలాంటి చోట ఆల్చిప్ప గుల్ల మూసుకుని కొన్నాళ్లు ఓర్చుకోగలదు, తర్వాత చచ్చిపోతుంది. పొలం గట్టున, పెరటి పచ్చికలో ఎరువు తగ్గించకుండా ఆల్చిప్పల మీద భారం వేయడం కుదరదు.

పునరుద్ధరించిన దిబ్బలు ఇప్పుడు చాలామటుకు వేట నిషిద్ధ ప్రాంతాల్లో ఉన్నాయి. మేరీల్యాండ్ 2010లో తనకు మిగిలిన మంచి దిబ్బల్లో దాదాపు నాలుగో వంతును అలా మూసివేసింది. వాటిలో కొన్నింటిని తెరవాలని జాలర్లు అడుగుతున్నారు. వాళ్ల అవసరం నిజమైనది. వేటకు విడిగా ఉంచిన చోట్ల కూడా ప్రభుత్వం గుల్లలూ పిల్లలూ వేస్తూనే ఉంది, అది ఇంకా పెంచాలి. నిషిద్ధ దిబ్బల సంగతి వేరు. అక్కడ తెరవాలా వద్దా అన్నది ఎన్ని ఆల్చిప్పలు కనిపిస్తున్నాయో చూసి తేల్చేది కాదు. ఒక ఏడాదిలో అక్కడ పుట్టిన గుల్ల ఎంత, అరిగిపోయి పూడిపోయిన గుల్ల ఎంత అని కొలిచి, పుట్టినది ఎక్కువగా ఉందని వరసగా కొన్నేళ్లు తేలాకే, ఆ మిగులు మేరకే అడగాలి. తీసిన ప్రతి బుషెల్ గుల్లలూ మళ్లీ అదే నీళ్లకు చేరాలన్న నిబంధన కూడా ఆ అనుమతిలో ఉండాలి.